సినాయ్ కోసం మొదలైన యుద్ధం కరీంనగర్ దాకా

యుద్ధం వార్త రాగానే మన దగ్గర అందరూ స్కోరు అడుగుతారు. ఎన్ని విమానాలు కూలాయి, ఎవరు కాళ్ళబేరానికి వచ్చారు, చివరికి గెలిచిందెవరు. టీవీ యాంకర్లకు అది బతుకుతెరువు, సరే. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రిటైరైన టీచర్ల నుంచి ఇంజనీరింగ్ చదివే పిల్లల దాకా అందరిదీ అదే వరస. నేను మాత్రం ప్రతిసారీ ఈజిప్టు, సిరియా కలిసి ఇజ్రాయెల్ మీద చేసిన 1973 అక్టోబరు యుద్ధాన్ని తీసుకొచ్చి వాళ్ళను విసిగిస్తుంటాను. ఆ యుద్ధంలో ఈజిప్టు గెలిచిందా ఓడిందా అన్నది యాభై ఏళ్ళు దాటినా తేలలేదు. కైరోలో అక్టోబరు 6 పేరుతో పెద్ద వంతెన ఉంది, ఊరి బయట అదే పేరుతో ఏకంగా ఒక కొత్త నగరమే కట్టారు. మరోపక్క, యుద్ధం ఆగేనాటికి ఇజ్రాయెల్ సైన్యం కైరోకు 101 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండూ నిజాలే.

నేను చెప్పేది ఏమిటంటే, యుద్ధం నుంచి తనకు ఏం కావాలో నాయకుడికి ముందే తెలిసి ఉంటే ఓడినా పని జరుగుతుంది. తెలియకపోతే గెలుపు కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ కావలసింది ఎంత చిన్నదైతే అంత మంచిది. దీన్ని ఒప్పుకోని వాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ దగ్గర బలమైన వాదనలూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

మొదట గెలుపు సంగతి. 1967 జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు వైమానిక స్థావరాల మీద పడి, నేల మీదున్న యుద్ధవిమానాలను ఉన్నచోటే తగలబెట్టాయి. ఆరు రోజుల్లో ఈజిప్టు చేతి నుంచి కాలువకు తూర్పున ఉన్న సినాయ్ ఎడారి, గాజా పోయాయి. సిరియా గోలన్ ఎత్తులను, జోర్డాన్ వెస్ట్ బ్యాంకుతోపాటు తూర్పు జెరూసలేమును పోగొట్టుకున్నాయి. అంత సంపూర్ణమైన గెలుపు చరిత్రలో అరుదు. అయితే ఆ భూమిని ఏం చెయ్యాలి? తిరిగిచ్చి శాంతి కొనుక్కోవాలా, ఉంచేసుకోవాలా? ఇజ్రాయెల్ ప్రభుత్వం దాన్ని గట్టిగా తేల్చుకోలేదు. అరబ్బు దేశాలు ఖార్తూమ్‌లో సమావేశమై సంధి లేదు, గుర్తింపు లేదు, చర్చలు లేవు అని తీర్మానించి, తేల్చుకోవాల్సిన అవసరం కూడా లేకుండా చేశాయి. సూయజ్ కాలువ మూతపడింది. మన ఓడలు ఐరోపా వెళ్ళాలంటే ఎనిమిదేళ్ళపాటు ఆఫ్రికా ఖండమంతా చుట్టి వెళ్ళాల్సి వచ్చింది. ఆరు రోజుల్లో సంపాదించిన ఆ భూమి గొడవ ఇవాళ్టికీ తీరలేదు.

1970 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ గుండెపోటుతో చనిపోయాడు. ఉపాధ్యక్షుడిగా ఉన్న అన్వర్ సాదత్ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, కొన్నాళ్ళ ముచ్చటేలే అనుకున్నారు కైరోలో పెద్దలు. ఏడాది తిరక్కుండానే అలా అనుకున్నవాళ్ళను జైల్లో పెట్టించాడు. సాదత్‌ను నేను గొప్ప ప్రజాస్వామ్యవాది అనడం లేదని ఇక్కడే చెప్పేస్తే మంచిది. చివరి రోజుల్లో అయితే కనిపించిన ప్రతి ప్రత్యర్థినీ అరెస్టు చేయించాడు. నాకు ఆసక్తి ఆయన గుణగణాల మీద లేదు, ఆయన వేసుకున్న లెక్క మీద ఉంది.

1971 ఫిబ్రవరిలోనే ఒక బేరం పెట్టాడు. ఇజ్రాయెల్ కాలువ ఒడ్డు నుంచి కొంత వెనక్కి జరిగితే కాలువ తెరుస్తాను, అక్కణ్ణించి మిగతా మాటలు మాట్లాడుకుందాం అన్నాడు. ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్ ప్రభుత్వానికి అది ఆనలేదు. గెలిచి కూర్చున్నవాళ్ళకు తొందరేముంటుంది? మరుసటి ఏడాది జులైలో సాదత్ వేలమంది సోవియట్ సైనిక సలహాదారులను ఇంటికి పంపేశాడు. బదులుగా అమెరికాను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళమే కదా అని అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్ విస్తుపోయాడట. అయినా వాషింగ్టన్ కదల్లేదు. ఓడిపోయిన దేశం మాటకు విలువ లేదని సాదత్‌కు అప్పటికి అర్థమైంది. ఒక యుద్ధం చెయ్యాలి, అయితే సినాయ్ మొత్తాన్ని తుపాకులతో వెనక్కి తెచ్చుకునే బలం తనకు లేదు. కాబట్టి కాలువ దాటి అవతలి ఒడ్డున జానెడు నేల పట్టుకుని కూర్చుంటే చాలు, పెద్ద దేశాలు పరుగున వస్తాయి, బల్ల చుట్టూ కూర్చోక తప్పదు. యుద్ధం నుంచి ఆయన ఆశించింది అంతే.

కాలువ దాటిన తీరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఇజ్రాయెల్ తన ఒడ్డున ఎత్తైన ఇసుక కట్ట కట్టింది. బార్ లెవ్ రేఖ అంటే అదే. కొన్నిచోట్ల ఆరేడు అంతస్తుల ఎత్తు. ఫిరంగులతో కొడితే ఇసుక జారి మళ్ళీ అక్కడే కుప్పపడుతుంది. బాంబులు పెట్టి దారి చేసేసరికి ఇజ్రాయెల్ ట్యాంకులు వచ్చేస్తాయి. బాకీ జకీ యూసఫ్ అనే ఇంజనీరింగ్ అధికారి గతంలో అస్వాన్ ఆనకట్ట దగ్గర పనిచేశాడు. అక్కడ ఇసుకను నీళ్ళ ధారతో కొట్టి కరిగించి తరలించేవాళ్ళు. ఇక్కడా అదే చేద్దాం అన్నాడు. కాలువ నీళ్ళే, కాలువ ఇసుకే. పంపులను విదేశాల నుంచి తెప్పించారు. 1973 అక్టోబరు 6 మధ్యాహ్నం, యూదులకు యోమ్ కిప్పుర్ అనే పవిత్రమైన ఉపవాస దినం, ముస్లిములకు రంజాన్ నెల, పడవల్లో పంపులు పెట్టుకుని కట్టను కడిగేశారు. కొన్ని గంటల్లో దారులు తెరుచుకున్నాయి, వంతెనలు పడ్డాయి, ట్యాంకులు దాటాయి. అన్ని కోట్లు పోసి కట్టిన రక్షణ గోడకు నీళ్ళ పంపులు విరుగుడని ఎంత పెద్ద నిఘా సంస్థ మాత్రం ఊహిస్తుంది! మన నీటిపారుదల శాఖ ఇంజనీర్లకు చెబితే మాత్రం ఇందులో ఆశ్చర్యం ఏముంది అంటారు.

దాటాక, ముందు అనుకున్నట్టే, ఈజిప్టు సైన్యం విమానాలను కూల్చే తన క్షిపణుల నీడ వదలకుండా అక్కడే తిష్ఠవేసింది. అటు గోలన్‌లో మాత్రం సిరియా దారుణంగా దెబ్బతింటోంది. కాలువ దాటి సినాయ్ కనుమల దాకా వస్తామని సాదత్ సిరియాకు నమ్మకం కలిగించి ఉన్నాడు. నిజానికి ఆ ఉద్దేశం లేదు. మిత్రుడికి చెప్పిన అబద్ధం ఇప్పుడు మెడకు చుట్టుకుంది. సిరియా ఒత్తిడికి అక్టోబరు 14న ట్యాంకులను ముందుకు పంపమన్నాడు. సైన్యాధిపతి షాజ్లీ వద్దని మొత్తుకున్నాడు. క్షిపణుల నీడ దాటిన ట్యాంకులు ఒక్కరోజులో రెండు వందలకు పైగా పోయాయి. ఆ సందు చూసుకుని ఇజ్రాయెల్ జనరల్ ఏరియల్ షరోన్ దళాలు కాలువను ఇటువైపుకు దాటాయి, వాటి వెనక దాటిన ఇజ్రాయెల్ దళాలు ఈజిప్టు మూడో సైన్యాన్ని చుట్టుముట్టాయి. చిన్న లక్ష్యానికి కట్టుబడి ఉన్న వారం రోజులూ నిలబడ్డవాడు, దాన్ని పెంచిన రోజే దెబ్బతిన్నాడు. నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నేనే కల్పించుకున్నా దొరకదు.

ఆపైన పెద్ద దేశాలు నిజంగానే పరుగున వచ్చాయి. అక్టోబరు 24 రాత్రి, అవసరమైతే మా సేనలను దింపుతామని సోవియట్ నుంచి లేఖ రావడం, అమెరికా తన అణ్వస్త్ర దళాలను సైతం అప్రమత్తం చెయ్యడం, వాటర్‌గేట్ కుంభకోణంలో కూరుకుపోయిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ రాత్రి నిద్రపోతూ ఉండటం, ఇదంతా వేరే వ్యాసమే అవుతుంది. అసలు సంగతి జరిగింది ఎడారిలో, కైరో–సూయజ్ రోడ్డు మీద, 101వ కిలోమీటరు దగ్గర. ఒక డేరాలో ఈజిప్టు జనరల్ గమాసీ, ఇజ్రాయెల్ జనరల్ యారివ్ ఎదురెదురుగా కూర్చుని సైన్యాలను విడదీయడం గురించి మాట్లాడుకున్నారు. చర్చలు లేవన్న ఖార్తూమ్ తీర్మానం ఆ డేరాలో ముగిసింది. 1974 జనవరిలో మొదటి ఒప్పందం. యుద్ధానికి ముందు ఏమరుపాటుగా ఉన్నారన్న విమర్శల మధ్య ఆ ఏప్రిల్‌లో గోల్డా మేయర్ రాజీనామా చేసింది. 1975 జూన్ 5న సాదత్ సూయజ్ కాలువను తెరిచాడు. 1967లో దాడి జరిగిన ఆ తేదీనే కావాలని ఎంచుకున్నాడు.

ఇక్కడ మన 1971 గుర్తొస్తుంది. ఢాకాలో డిసెంబరు 16న లొంగుబాటు జరగ్గానే మర్నాడే పడమటి సరిహద్దులో కాల్పులు ఆపుతున్నట్టు ఇందిరాగాంధీ ప్రకటించారు. ఇంకో వారం కొట్టి ఉంటే కాశ్మీరు గొడవ తీరిపోయేది అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ యుద్ధంలో ఆమె చేసిన అతి తెలివైన పని అదే అనిపిస్తుంది. ఆ తర్వాత సిమ్లాలో ఎంత రాబట్టారు, ఎంత వదిలేశారు అన్నది మాత్రం చర్చించదగ్గదే.

సాదత్ దగ్గరికి వద్దాం. 1977 జనవరిలో రొట్టె మీద సబ్సిడీ తగ్గించబోతే ఈజిప్టు ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. ఖజానా ఖాళీ, సైన్యం ఖర్చు భరించలేనిది. ఆ నవంబరులో పార్లమెంటులో మాట్లాడుతూ, శాంతి కోసం అవసరమైతే ఇజ్రాయెల్ పార్లమెంటుకే వెళతాను అన్నాడు. సభలో పాలస్తీనా నాయకుడు అరాఫత్ కూడా కూర్చుని ఉన్నాడు. చాలామంది అదేదో మాట వరసకు అన్నాడనుకుని చప్పట్లు కొట్టారు. పది రోజులకు విమానం ఎక్కేశాడు. విదేశాంగ మంత్రి ఫహ్మీ రాజీనామా చేశాడు. నవంబరు 20న సాదత్ ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌లో నిలబడి మాట్లాడాడు. అవతల ఉన్నది ఇజ్రాయెల్ ప్రధాని మెనాచిమ్ బెగిన్, ఒకప్పుడు ఇర్గున్ అనే సాయుధ దళానికి నాయకుడు, ఒక్క అంగుళం వదలడని పేరున్నవాడు. ఇలాంటి వాళ్ళిద్దరు కాకుండా మెతక మనుషులు ఉంటే ఈ సంధి నిలిచేది కాదేమో. సినాయ్‌లోని స్థావరాలను ఖాళీ చేయించినా దేశద్రోహి అనిపించుకోకుండా బయటపడే శక్తి బెగిన్ లాంటి వాడికే ఉంది.

1978 సెప్టెంబరులో అమెరికాలోని కాంప్ డేవిడ్‌లో 13 రోజులు ఆ దేశాధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టాడు. సాదత్, బెగిన్ ముఖాముఖి మాట్లాడితే గొడవ పడుతున్నారని, చాలా రోజులు ఈ గుడిసె నుంచి ఆ గుడిసెకు కాగితాలు పట్టుకుని తానే తిరిగాడు. చివరి రోజు బెగిన్ మొండికేస్తే, ఆయన మనవలు మనవరాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ రాసి సంతకం చేసిన ఫొటోలు తీసుకెళ్ళి ఇచ్చాడు. బెగిన్ ఆ పేర్లు చదువుతూ కరిగాడని కార్టరే చెప్పుకున్నాడు. దౌత్యం అంటే పెద్ద పెద్ద సిద్ధాంతాలు అనుకునే వాళ్ళకు ఇది రుచించదు గానీ, అలసిపోయిన ముసలివాళ్ళ మనసుల మీద కూడా దేశాల సరిహద్దులు ఆధారపడుతుంటాయి. 1979 మార్చి 26న సంధి మీద సంతకాలు. 1982 ఏప్రిల్‌కి, తాబా అనే చిన్న ముక్క తప్ప, సినాయ్ అంతా ఈజిప్టుకు వచ్చేసింది. ఓడిన యుద్ధంతో సంపాదించిన భూమి.

ఇప్పుడు నన్ను ఒప్పుకోని వాళ్ళ వాదన. సాదత్‌కు సినాయ్ వచ్చింది, మరి పాలస్తీనా వాళ్ళకు? కాంప్ డేవిడ్‌లో రెండు కాగితాల మీద సంతకాలు జరిగాయి. వెస్ట్ బ్యాంకు, గాజాలకు స్వయంపాలన అన్న కాగితం కాగితంగానే మిగిలిపోయింది. దక్షిణాన ఈజిప్టు భయం లేకపోబట్టే 1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీదికి అంత ధీమాగా వెళ్ళగలిగింది. అరబ్ లీగ్ ఈజిప్టును వెలివేసి తన కార్యాలయాన్ని ట్యునిస్‌కు మార్చుకుంది. 1981 అక్టోబరు 6న, అదే యుద్ధం వార్షికోత్సవ కవాతులో, సొంత సైనికులే సాదత్‌ను కాల్చి చంపారు. అంత్యక్రియలకు ముగ్గురు అమెరికా మాజీ అధ్యక్షులు వచ్చారు, అరబ్బు దేశాధినేతలు మాత్రం దాదాపు ఎవరూ రాలేదు.

ఈ విమర్శ సరైనదే. చిన్న లక్ష్యం పెట్టుకున్న నాయకుడు తనది తాను సాధించుకుంటాడు, ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్ళు మూల్యం చెల్లిస్తారు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పెద్ద లక్ష్యాలతో వెళ్ళిన నాసర్ పాలస్తీనా వాళ్ళకు తెచ్చిందేమిటి అని మాత్రం అడగగలను. 1967లో పోయింది వాళ్ళ భూమే కదా.

ఇంకో సంగతి ఉంది, అది మన ఇళ్ళకు సంబంధించినది. యుద్ధం నడుస్తుండగానే, అక్టోబరు 16న గల్ఫ్ దేశాలు కువైట్‌లో కూర్చుని బ్యారెల్ చమురు ధరను 3 డాలర్ల నుంచి 5 డాలర్ల పైకి తీసుకెళ్ళాయి. మర్నాడు అరబ్బు దేశాలు ఉత్పత్తికి కోత పెట్టాయి, ఆ తర్వాత అమెరికాకు చమురు ఆపేశాయి. 1974 జనవరికి ధర 11 డాలర్లు దాటింది. ఢిల్లీలో వాజపేయి పెట్రోలు ధరలకు నిరసనగా ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. మన దేశంలో ధరలు ఏడాదిలో నూటికి 20కి పైగా పెరిగాయి. ఆ కోపం ఎమర్జెన్సీకి ముందున్న ఆందోళనలన్నిట్లోనూ కలిసింది.

ఆ చమురు డబ్బు గల్ఫ్ ఎడారిలో రోడ్లయింది, విమానాశ్రయాలయింది, రిఫైనరీలయింది. వాటిని కట్టడానికి మనుషులు కావాలి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప వైపు రాజంపేట, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం కదిలారు. తెలంగాణలో బతుకుతెరువు గురించి ఒక మాటుంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. అందులో మూడో బాయి ఈ యుద్ధం తవ్వినదే. మా పెద్దబాపు మిత్తికి పైసలు తెచ్చి ఏజెంటుకు కట్టి సౌదీ పోయిండు. సాదత్ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. వచ్చిన డబ్బుతో డాబా వేశాడు, చెల్లెలి పెళ్ళి చేశాడు. పాస్‌పోర్టు కఫీల్ (అక్కడి యజమాని) దగ్గరే ఉండటంతో తండ్రి చావుకు రాలేకపోయాడు. మా వైపు ఇలాంటి ఇళ్ళు వీధికి రెండుంటాయి. అకామా (అక్కడ ఉండే అనుమతి) పోయి ఖల్లివల్లి (కాగితాల్లేని కూలీలు) అయినవాళ్ళ కథలు, పెట్టెల్లో వచ్చిన శవాల కథలు వేరే ఉన్నాయి. కైరోలో ఏ జనరలూ ఇదంతా ఊహించి ఉండడు. నాయకుడు తన లక్ష్యాన్ని ఎంత కొలిచి పెట్టుకున్నా, యుద్ధం ఆ కొలతలో ఉండదు. నా సిద్ధాంతానికి ఇది రెండో చిల్లు.

లెక్కలేని నాయకత్వం ఎలా ఉంటుందో చూడాలంటే 1990 ఆగస్టు 2న కువైట్ మీద పడ్డ ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను చూడాలి. మింగాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. అక్కడ చిక్కుకున్న మనవాళ్ళు సుమారు లక్షా 70 వేల మందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా తీసుకురావడానికి ఎయిర్ ఇండియా 488 సార్లు ఎగిరింది. మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంను కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మనవాళ్ళను బయటికి తేవడానికి అది తప్పలేదని ఆయన అన్నారు. కావచ్చు. చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగి, అసలే బక్కచిక్కిన మన విదేశీ మారకం నిల్వలు అడుగంటాయి. 1991లో బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఆ స్థితిలో ప్రధాని అయినవారు పీవీ నరసింహారావు. మంథని నుంచి ఎమ్మెల్యేగా గెలుస్తూ వచ్చిన మనిషి. గల్ఫ్ డబ్బు అంటే ఏమిటో, అరబ్బు దేశాలకు కోపం వస్తే ఎవరి పొయ్యి ఆరుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇజ్రాయెల్‌ను మనం 1950లోనే గుర్తించాం, పూర్తి దౌత్య సంబంధాలు మాత్రం పెట్టుకోలేదు. 1977లో ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి మోషే దయాన్ మారువేషంలో ఢిల్లీ వచ్చి మొరార్జీ దేశాయిని కలిసి వెళ్ళాల్సి వచ్చింది. 1991 అక్టోబరులో మాడ్రిడ్‌లో అరబ్బు దేశాలే ఇజ్రాయెల్‌తో ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. పీవీ గారు అప్పటిదాకా ఆగారు. జనవరిలో అరాఫత్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడారు. రాయబారులను పంపుకోవడం ఏ దేశానికైనా సొంత విషయమని అరాఫత్ చేత అనిపించుకున్నారు. 1992 జనవరి 29న సంబంధాలు ప్రకటించారు. ఉపన్యాసాల్లేవు, కౌగిలింతల్లేవు. పాలస్తీనాకు మద్దతు అలాగే ఉంచారు, గల్ఫ్‌లో ఒక్క తెలుగువాడి ఉద్యోగానికీ దెబ్బ తగలనివ్వలేదు. సాదత్ నాటకీయత ఒక్క వీసం లేకుండా, సాదత్ తెరిచిన తలుపు నుంచి నడిచి వెళ్ళారు. యుద్ధం చేసినవాడికన్నా, వేరేవాళ్ళు చేసిన యుద్ధాన్ని సరిగ్గా చదివినవాడే గొప్ప అని నాకు అనిపించేది ఇలాంటప్పుడే.

ఆ తలుపు నుంచి ఆ తర్వాత చాలామంది వెళ్ళారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ముసలివాళ్ళను చూసుకునే కేర్‌గివర్లుగా ఇజ్రాయెల్ వెళ్ళినవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగింది. గాజా మీద యుద్ధం మొదలైంది. అక్కడి ఇళ్ళు కట్టే పాలస్తీనా మేస్త్రీల పర్మిట్లు ఇజ్రాయెల్ ఆపేసింది. 2024లో హైదరాబాదులో ఆ పనులకు మనవాళ్ళను ఎంపిక చేశారు: షట్టరింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్. జీతం నెలకు లక్షా ముప్పై వేలకు పైనే అన్నారు. యుద్ధం నడుస్తున్న చోటికి పంపడమేమిటని కేంద్ర కార్మిక సంఘాలు అంతకుముందే అభ్యంతరం చెప్పాయి, నేనూ వాళ్ళ పక్షమే. మా ఊరి మేస్త్రీ కొడుకు ఒకడు మాత్రం నన్ను ఫారం నింపిపెట్టమని అడిగాడు. నింపిపెట్టాను.